పాత గని గుంతలోకి కెమెరా దించాలా? కెమెరా సంగతి చివర్లో చూద్దాం

కుప్పం దగ్గర మా మేనమామ పొలం గట్టున ఒక పాత గని గుంత ఉంది. ఎవరు తవ్వారో, ఎందుకు వదిలేశారో ఊళ్లో ఒక్కొక్కరిది ఒక్కో కథ. నోరు రెండు నులక మంచాలంత వెడల్పు, చుట్టూ కంపచెట్లు. పోయిన వేసవిలో మామయ్య మేకలు రెండు కనబడకుండా పోయాయి. "అందులోనే పడుంటాయిరా. బెంగళూరులో ఎప్పుడూ కంప్యూటర్ల మధ్యే ఉంటావు కదా, ఏదైనా కెమెరా దించి చూడు" అన్నాడు ఫోన్లో. ఆ ఒక్క మాటకి నాలుగు శనివారాలు బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్పీ రోడ్డులో తిరిగాను. రెండు సార్లు తప్పు సామాను కొన్నాను.

అప్పటి నుంచి ఆఫీసులో, మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఒకరికి తాతల నాటి మోట బావి, ఇంకొకరికి ఎండిపోయిన బోరు, మరొకరికి గూడూరు వైపు పాత అభ్రకం గుంత. అందరి ప్రశ్నా ఒకటే: "ఏ కెమెరా కొనమంటావు?" ప్రశ్నే తిరగబడింది. ఈ పనిలో కెమెరా చివర్లో కొనేది. మీ చేతికీ కెమెరాకీ మధ్య ఉన్నదేదో, అంటే తాడు, వైరు, చీకటి, నీళ్లు, ముందు అది తేలాలి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లో కూలిన సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మంది కార్మికుల ముఖాలు బయటి ప్రపంచానికి తొలిసారి కనబడింది ఒక ఎండోస్కోపీ కెమెరాలో. అలాంటి కెమెరా దొరకడం కష్టం కాదు. శిథిలాల్లోంచి ఆరంగుళాల పైపు అవతలికి చేరడానికే వారం పైన పట్టింది. దారి దొరికాక కెమెరా వెళ్లింది.

లోతు, నీళ్లు, చూడాల్సిన సమయం

కొనే ముందు మూడు సంగతులు తెలియాలి. లోతెంత? అడుగున నీళ్లున్నాయా? బొమ్మ అప్పటికప్పుడు కనబడాలా, లేక పైకి లాగాక చూసుకున్నా చాలా?

లోతుకి రాయి వేసి లెక్కపెట్టడం పాత పద్ధతే కానీ పనికొస్తుంది. చప్పుడు మూడు సెకన్లకు వినబడితే సుమారు 40 మీటర్లు, నాలుగుకైతే 70, ఐదుకైతే 107 దాకా. చప్పుడు పైకి రావడానికి పట్టే సమయం కూడా ఇందులో కలిపే చెబుతున్నాను. మనిషో జంతువో కింద ఉందన్న అనుమానం ఉంటే మాత్రం రాయి వేయకండి. అప్పుడు తాడుకి బరువు కట్టి మెల్లగా దించి కొలవడమే. బుడుంగుమన్న చప్పుడు వస్తే మీకు తెలిసింది నీటి మట్టం మాత్రమే, గుంత లోతు కాదు. లేజర్ కొలత పరికరం కూడా పొడి గుంతలోనే నమ్మకం, నీటి మీద దాని లెక్క తప్పుతుంది.

గని అనగానే బెంగళూరులో అందరికీ గుర్తొచ్చేది కోలారు బంగారు గనులు. అక్కడి చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటుతుంది. 2001 ఫిబ్రవరి ఆఖర్లో గనులు మూతపడ్డాక పంపులు ఆగి, లోపలంతా నీళ్లు చేరాయి. ఆ గనుల దగ్గరికి వెళ్లే మరికుప్పం రైలెక్కి సెలవు రోజు తాడుతో వెళ్లిపోదామనుకునే కుర్రాళ్లు నాకు తెలుసు. ఆ షాఫ్టులు, అంటే నిలువు గుంతలు, ప్రభుత్వ కంపెనీ భారత్ గోల్డ్ మైన్స్ ఆస్తి, అనుమతి లేకుండా అడుగు పెట్టే చోటు కాదు. నేను చెప్పబోయే సామాన్లలో చాలావాటికి ఆ లోతులో ముప్ఫయ్యో వంతు కూడా అందదు. ఇక్కడ మన మాట 20 నుంచి 150 మీటర్ల గుంతల గురించి, అదీ స్థలం యజమాని ఒప్పుకున్న చోట.

తాడుకి కట్టి దించే యాక్షన్ కెమెరా

అన్నిటికంటే సులువైన దారి ఇది. గోప్రో లాంటిది, ఒక టార్చి, ఒక తాడు. రికార్డింగ్ ఆన్ చేసి దించి, లాగి, ల్యాప్‌టాప్‌లో చూసుకోవాలి. 30 మీటర్ల పొడి గుంతకి, ఒక్కసారి చూస్తే చాలనుకునే వాళ్లకి ఇది తీసిపారేయాల్సింది కాదు. పది మీటర్ల నీటి లోతు వరకు విడిగానే తట్టుకుంటుంది, డైవింగ్ డబ్బా తొడిగితే 60 మీటర్ల దాకా.

చిక్కంతా వెతకడం దగ్గర. వెతికేవాడికి "ఆగు, కొంచెం పైకి, ఇంకొంచెం ఎడమకి" అనగలగాలి. ఇందులో ఆ వీలు లేదు. మొదటి శనివారం మేం దించింది ఇదే, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను. పన్నెండు నిమిషాల వీడియోలో తొమ్మిది నిమిషాలు గోడే. ఒకచోట గోడలో నల్లటి బొక్క ఒకటి సర్రున తిరిగిపోయింది. ఏ లోతులో, ఏ దిక్కున? దేవుడికే తెలియాలి.

ఈ జాతిలోనే 360 డిగ్రీల కెమెరా మేలు. అన్ని వైపులా ఒకేసారి తీస్తుంది కాబట్టి తాడు తిరిగినా తర్వాత కూర్చుని నిదానంగా బొమ్మని నిలబెట్టుకోవచ్చు. గుంత గోడలన్నీ ఒకసారి నమోదు చేసుకోవాలంటే నేను దీనికే ఓటేస్తాను. కాకపోతే చీకట్లో వీటి చూపు బలహీనం, చుట్టూ వెలుగు కావాలి. బొమ్మ అప్పటికప్పుడు కనబడదన్న లోటు ఇక్కడా ఉంది. ఫోన్‌తో వైఫై కలిపి చూద్దామంటే గుంత తిన్నగా ఉన్నంత వరకు కొన్ని మీటర్లు అందుతుంది, తర్వాత తెగుతుంది. నీళ్లలోనైతే జానెడు దిగగానే పోతుంది.

సీసీటీవీ కెమెరా, నెట్‌వర్క్ వైరు

నేను చివరికి కట్టింది ఇదే. ఒక మామూలు బుల్లెట్ ఐపీ కెమెరా (నెట్‌వర్క్ వైరు మీద బొమ్మ పంపే గొట్టం ఆకారపు సీసీటీవీ), క్యాట్6 అనే నెట్‌వర్క్ వైరు, పైన పీవోఈ స్విచ్ (ఆ వైరులోనే కరెంటు కూడా పంపే డబ్బా), ల్యాప్‌టాప్. ఒకే వైరులో కరెంటూ బొమ్మా రెండూ. బొమ్మ సెకను, సెకనున్నర ఆలస్యంగా వస్తుంది, మెల్లగా దించితే అది సమస్య కాదు. ఈ పద్ధతికి గీత 100 మీటర్ల దగ్గర. అది దాటితే మధ్యలో సిగ్నల్‌ని ముందుకు పంపే ఎక్స్‌టెండర్ పెట్టాలి. గుంత మధ్యలో వేలాడే ఇంకో డబ్బా అంటే ఇంకో టెన్షన్.

పీవోఈనే ఎందుకు, పన్నెండు వోల్టుల అడాప్టర్ వైరు లాగితే చాలదా అని షాపు కౌంటరు వెనక కుర్రాడు నన్నూ అడిగాడు. లెక్క వేస్తే తెలుస్తుంది. క్యాట్ వైరులో ఒక్కో సన్న తీగ కరెంటుని 100 మీటర్లకి ఎనిమిది ఓమ్‌ల పైన అడ్డుకుంటుంది, వెళ్లి రావడానికి దాదాపు పదిహేడు. అర యాంపియరు తాగే కెమెరాకి దారిలోనే ఎనిమిది వోల్టులు పోతాయి. పైన పన్నెండు పెడితే కింద నాలుగు కూడా చేరవు. అదే ఆరు వాట్లని పీవోఈ 48 వోల్టుల దగ్గర పంపుతుంది కాబట్టి కరెంటు ఎనిమిదో వంతు యాంపియరే అవుతుంది, దారిలో పోయేది రెండు వోల్టుల్లోపే.

నా మొదటి తప్పు ఇక్కడే. చవకగా వచ్చిందని ఒక వైరు పెట్టె కొన్నాను. డబ్బా మీద క్యాట్6 అని పెద్దక్షరాలే ఉన్నాయి. ఇంట్లో 10 మీటర్లు కోసి పరీక్షిస్తే బొమ్మ బాగానే వచ్చింది. పొలంలో 80 మీటర్లు విప్పేసరికి కెమెరా వెలిగి ఆరి, వెలిగి ఆరి. బ్లేడుతో తీగ గీకి చూశాం. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. అల్యూమినియానికి అడ్డుకునే గుణం ఎక్కువ, వంచితే విరుగుతుంది కూడా. కొనేటప్పుడే ఒక కొస గీకి చూడండి. గీకనివ్వని షాపులో కొనకండి.

వైరుకి కెమెరాని వేలాడదీయకూడదు. క్యాట్6 భరించేది 11 కిలోల లాగుడే, అందులో దాని సొంత బరువే 100 మీటర్లకి నాలుగు కిలోల దాకా ఉంటుంది. బరువంతా తాడుది. వైరు తాడు పక్కన వదులుగా, రెండు మీటర్లకోసారి టేపుతో కట్టి ఉండాలి. ఆ టేపుల మీదే మీటర్లు రాసుకుంటే లోతు కొలత కూడా అదే అవుతుంది.

వైరు చుట్టే డ్రమ్ము దగ్గర ఇంకో చిక్కు. డ్రమ్ము తిరిగితే వైరు పై కొస మెలిపడుతుంది. తిరిగే చోట కరెంటు అందించే స్లిప్ రింగులు దొరుకుతాయి కానీ నెట్‌వర్క్‌కి నమ్మకంగా పనిచేసేవి ఖరీదు. మా ఆఫీసు హార్డ్‌వేర్ అన్న ఒకాయన తేల్చేశాడు: "స్విచ్చినీ బ్యాటరీనీ డ్రమ్ము లోపలే బిగించు, దానికో చిన్న వైఫై రూటర్ తగిలించు. డ్రమ్ముతో పాటు అన్నీ తిరుగుతాయి, నువ్వు ఫోన్లో చూసుకో." పైన వైఫైకి అడ్డేముంది! ఆ మాట నా ఖర్చు సగానికి సగం తగ్గించింది.

కోయాక్స్, ఫైబర్, బోర్‌వెల్ వాళ్లు

100 మీటర్లు దాటాలంటే పాత పద్ధతి కోయాక్స్ వైరు (కేబుల్ టీవీకి వాడే లాంటిది) మీద హెచ్‌డీ అనలాగ్ కెమెరా పెట్టొచ్చు. అసలు రాగి వైరైతే 300 మీటర్ల దాకా బొమ్మ వస్తుంది. ఆలస్యం దాదాపు ఉండదు, మీరు తాడు ఆపిన క్షణంలోనే బొమ్మ ఆగుతుంది. ఈ విషయంలో ఐపీ కంటే ఇదే మేలు. కరెంటు కిందికి పంపడం మాత్రం మళ్లీ మీ తలనొప్పి, బ్యాటరీ కెమెరాతో పాటే దించాలి. వైరు కూడా మందం, బరువు.

ఫైబర్ తేలిక, దూరానికి హద్దు లేదన్నట్టే. ఇళ్లకి ఇంటర్నెట్ ఇచ్చే సన్న నల్ల వైరే, రెండు కొసలా వెలుగునీ నెట్‌వర్క్ సిగ్నల్‌నీ అటూ ఇటూ మార్చే మీడియా కన్వర్టర్లు. తెగితే పొలంలో అతికించలేరు, అతికే యంత్రం ఉన్నవాడు కావాలి. 150 మీటర్ల పొడి గుంతని మళ్లీ మళ్లీ చూడాల్సిన పని ఉంటే తప్ప నేను దీని జోలికి వెళ్లను.

చాలామందికి తట్టని దారి బోర్‌వెల్ స్కానింగ్ వాళ్లు. బెంగళూరులో వెయ్యి అడుగుల బోర్లు మామూలే. పంపు ఇరుక్కుంటే, బోరు లోపలి కేసింగ్ గొట్టం పగిలితే, నీళ్లెక్కడ ఊరుతున్నాయో చూడాలంటే వీళ్లని పిలుస్తారు. లావు టార్చిలాంటి స్టీలు గొట్టంలో కెమెరా, కిందికి చూసేది ఒకటి, పక్కకి చూసేది ఒకటి. మోటారు డ్రమ్ము మీద వందల అడుగుల వైరు, తెర మీద అడుగుల్లో లోతు అంకె. నీటి ఒత్తిడికి తట్టుకునేలా కట్టింది. ప్రతి పది మీటర్ల నీటికి ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. మీ సీసీటీవీ డబ్బా మీద, నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ67 ముద్ర మీటరు నీళ్లలో అరగంటకి మాత్రమే హామీ. కాబట్టి గుంతలో లోతైన నీళ్లుంటే సొంతంగా కట్టుకోవడం మానేసి వీళ్లని ఒక రోజుకి మాట్లాడుకోవడమే లాభం.

కానీ దీనికో లోపం ఉంది, ఫోన్లో ఎవరూ చెప్పరు. ఆ కెమెరా చుట్టూ ఉన్న చిన్న ఎల్‌ఈడీలు ఆరున్నర అంగుళాల గొట్టం గోడని చూడటానికి సరిపోయేవి. మూడు మీటర్ల వెడల్పు గుంతలో వేలాడదీస్తే నల్లటి తెర మీద అంకె ఒక్కటే కదులుతుంటుంది. దీపం విడిగా మనమే దించాలి. వాళ్లతో ముందే మాట్లాడుకోండి, తమ వైరు పక్కన ఇంకో తాడు వేయడానికి కొందరు ఒప్పుకోరు.

గుంతంతా నీళ్లైతే, పక్క సొరంగాల్లోకి వెళ్లి చూడాలంటే తాడు పద్ధతులేవీ చాలవు. మేఘాలయలో 2018 డిసెంబరులో బొగ్గు గని మునిగినప్పుడు నెల దాటాక మొదటి మృతదేహం కనబడింది నౌకాదళం దించిన నీటి రోబోలోనే. అది మన స్థాయి పని కాదు. డ్రోన్ మాట కూడా చాలామంది ఎత్తుతారు. గుంతలో జీపీఎస్ ఉండదు, రెక్కల గాలికి దుమ్ము లేచి ఏమీ కనబడదు, గోడకి తగిలితే పోయినట్టే. పంజరంలో ఎగిరే డ్రోన్లు ఉన్నాయి, వాటి ధర వింటే మామయ్య ఇంకో మంద మేకల్ని కొనుక్కుంటానంటాడు. యూఎస్‌బీ ఎండోస్కోపు వైరు అయిదారు మీటర్లకే అయిపోతుంది, అది సింకు గొట్టానికి.

వెలుగు

రెండో తప్పు ఇక్కడ చేశాను. కెమెరాలో చీకట్లో చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ దీపాలున్నాయి కదా అని వేరే దీపం పెట్టలేదు. 15 మీటర్లు దిగేసరికి తెర మీద మంచు కురుస్తున్నట్టు తెల్లటి చుక్కలే. గుంతలో తేలే దుమ్ము, నీటి ఆవిరి బొట్లు, కటకం పక్కనే ఉన్న దీపపు వెలుగుని నేరుగా కటకంలోకే తిప్పి కొడుతున్నాయి. రాత్రి పొగమంచులో కారు పెద్ద లైటు వేస్తే ఏమవుతుందో అదే. ఉపాయమూ అక్కడిదే: దీపాన్ని కటకానికి దూరం జరపడం. అడుగున్నర పొడవు అల్యూమినియం పట్టీ రెండు కొసలకి చెరో పది వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బిగించి, కొంచెం బయటికి వంచాను. మంచు చాలా వరకు ఆగింది. తెల్ల వెలుగుతో ఇంకో లాభం రంగులు. ఇన్‌ఫ్రారెడ్‌లో మట్టీ, రక్తమూ, మేక చర్మమూ అన్నీ ఒకే బూడిద రంగు.

ఆ ఎల్‌ఈడీలకి కరెంటు పైనుంచి పంపలేదు. ఇంటి చిన్న యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ ఒకటి కింద వేలాడదీశాను. రెండు కిలోలుంటుంది. బరువుకి బరువు, కరెంటుకి కరెంటు.

ఒక చిన్న సంగతి. కెమెరాని ఏసీ కారులోంచి తీసి నేరుగా దించకండి. చల్లటి గాజు మీద గుంతలోని తడి గాలి తగలగానే లోటా మీద చెమట పట్టినట్టు పడుతుంది. మేం మూడు సార్లు లాగి తుడిచి, మళ్లీ దించి, ఎందుకో అర్థం కాక కూర్చున్నాం. అత్తయ్య మజ్జిగ తెచ్చి, "కాసేపు ఎండలో పెట్టండి, అదే ఆరుతుంది" అంది. ఆరింది.

తాడు

బజారులో చవకగా దొరికే మూడు పాయల ప్లాస్టిక్ తాడు బరువు పడగానే మెలి విప్పుకుంటుంది. కెమెరా బొంగరంలా తిరుగుతుంది. కొండలెక్కేవాళ్లు వాడే, సాగని అల్లిక తాడు కొంత నయం. పూర్తిగా ఆపాలంటే రెండు తాళ్లు వేయాలి. గుంత నోటి మీద అడ్డంగా పెట్టిన ఇనుప గొట్టానికి మీటరు ఎడంగా రెండు గిలకలు, వాటి మీంచి రెండు తాళ్లు, కింద పట్టీ రెండు కొసలకి. రెండూ సమంగా వదలాలి, అందుకు ఇద్దరు మనుషులు, ఒకరి నోట లెక్క.

ఇది చూపు కుదురుగా ఉండటానికే అనుకున్నాను. అసలు లాభం వేరే ఉంది. తాళ్లు తిరగకపోతే కెమెరా ఏ దిక్కు చూస్తోందో మీకు పైనుంచే తెలుస్తుంది. మొదటి వారం సర్రున తిరిగిపోయిన ఆ నల్ల బొక్క రెండో విడతలో 22 మీటర్ల టేపు దగ్గర నిలకడగా కనబడింది. బొక్క కాదు, మనిషి వంగి నడిచేంత పక్క సొరంగం. పట్టీ ఎటు తిరిగి ఉందో చూసి మామయ్య తల ఎత్తాడు. అది తిన్నగా ఆయన పశువుల కొట్టం కిందికి పోతోంది.

దించే ముందు

గుంత అంచు చూడటానికే గట్టిగా ఉంటుంది, పాత కట్టుబడి కింద గుల్ల. అంచుకి రెండు మీటర్ల ఇవతలే పలకలు పరిచి, నడుముకి తాడు కట్టి వెనక చెట్టుకి బిగించుకుని పని చేయండి. కెమెరా ఇరుక్కుంటే వదిలేయండి, దాని కోసం ఎవరూ దిగకూడదు. మన పెద్దవాళ్లు బావిలోకి దీపం దించి, ఆరిపోతే దిగేవాళ్లు కాదు. మీథేన్ ఉన్నచోట ఆ దీపమే ప్రమాదం. ఇప్పుడు నాలుగు వాయువుల్ని చూపే చిన్న మీటరు అద్దెకి తెచ్చి కెమెరా కంటి ముందే కట్టేయొచ్చు, అంకెలు బొమ్మతో పాటే పైకి వస్తాయి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గిందంటే అది మనిషి ఊపిరికి చాలే గాలి కాదు.

బొగ్గు గనుల దగ్గర ఈ ఇంటి సామాను ఏదీ దించకండి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ గనుల భద్రతా డైరెక్టరేట్ ఆమోదించిన పరికరాలే వాడాలి. మనిషి పడిపోయిన గుంతైతే ఈ రాతంతా పక్కన పెట్టి 112కి ఫోన్ చేయండి, మీ కెమెరా దించడం రక్షణ సిబ్బంది అడిగితేనే.

చివరికి కెమెరా

ఇక్కడికి వచ్చేసరికి ఎంపిక చాలా వరకు అయిపోయినట్టే. 30 మీటర్ల లోపు పొడి గుంత, ఒక్కసారి చూస్తే చాలు అనుకుంటే 360 కెమెరా అడిగి తెచ్చుకోండి, కొనక్కర్లేదు. వంద లోపు, వెతకాల్సిన పని అయితే పీవోఈ కెమెరా: 2.8 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు, చీకట్లో రంగు చూపే రకం, బుల్లెట్ ఆకారం. డోమ్ వద్దు, దాని గుండ్రటి ప్లాస్టిక్ మీద మీ దీపమే మెరుస్తుంది. మెగాపిక్సెళ్లు రెండు చాలు. ఎక్కువైతే ఒక్కో పిక్సెల్‌కి అందే వెలుగు తగ్గుతుంది. నీళ్లుంటే బోర్‌వెల్ వాళ్లు, మీ దీపంతో.

మామయ్య మేకలు ఆ గుంతలో లేవు. 34 మీటర్ల దగ్గర పాచి నీళ్లు, ఒక పగిలిన ప్లాస్టిక్ బిందె, ఎవరిదో ఒంటి చెప్పు, అంతే. "ఇంత ఖర్చు పెట్టి చెప్పు చూపించావురా" అని నవ్వాడు. పండక్కి వెళ్లేసరికి కొట్టం రోడ్డు పక్కకి మారింది, పాత చోట చుట్టూ ముళ్లకంచె వేసి ఉంది.